ముందు పెద్దోడికి

తిరువళ్లూరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ తెల్లవారకముందే లేచి రైలుకు పరిగెత్తేవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఆ వేళకే మెలకువ వస్తుంది, కాని వెళ్లడానికి ఆఫీసు లేదు. అందుకని కుక్కలు రెండింటినీ వెంటబెట్టుకుని తిరుత్తణి శివార్లలోని లేఅవుట్‌కు నడకకు పోవడం మొదలుపెట్టాను. ఒకప్పుడది వేరుశనగ చేను. ఇప్పుడు సున్నం కొట్టిన హద్దు రాళ్లు, మధ్యలో ఎర్రమట్టి దారులు ఉన్నాయి. ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. కుక్కలను వదలడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

పెద్దోడు నాటుకుక్క, వయసు మీద పడినవాడు. ప్రతి హద్దు రాయినీ సర్వేయరులా వాసన చూసి, సంతకం చేసి గాని ముందుకు కదలడు. చిన్నమ్మి మా వీధి చివర కాలువ పక్కన దొరికిన ఆడపిల్ల. అది నడవడం నేను చూడలేదు, పరిగెత్తడమే చూశాను. ఇంట్లో వాటిని అలా పిలవడం అలవాటైపోయి వేరే పేర్లు పెట్టనేలేదు.

ఆ లేఅవుట్‌లోకే ఒకావిడ మేకలు తోలుకొస్తుంది. ఒకరోజు చిన్నమ్మి మేకల వెంటపడింది. కరవలేదు, ఆడుకోవడానికి పోయింది. నేను గొంతు పోయేలా పిలిచాను, చెవిన పెట్టలేదు. మంద చెల్లాచెదురైంది. అది సుమ్మా, ఊరికే ఆటకే పోయిందని నేను చెప్పబోతే ఆవిడ చేతికర్ర నేలకు ఆనించి నిలబడింది.

"ఆటకే అని నీకు తెలుసన్నా, మేకకు తెలుసునా? రెండు చూలు మేకలు ఉండాయి. పరిగెత్తి యాడన్నా పడితే ఏమయితాది?"

చిన్నమ్మిని మెడతాడు పట్టి లాక్కొచ్చాను. ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమెదీ మేకలావిడ పక్షమే. అప్పటికే ఆరణిలో ఉన్న మా బావమరిది తోటలో పంపుసెట్టు దగ్గర కట్టేయడానికి కుక్క కావాలని అడుగుతున్నాడు. ఆడికృత్తిక పండగకు కొండమీది గుడికి మొక్కు తీర్చుకోను వస్తాడు గదా, ఆ లోపల పిలిస్తే వచ్చేట్టు నేర్పలేకపోతే చిన్నమ్మిని వ్యానులో ఎక్కించి పంపేద్దామని ఆమె తీర్పు చెప్పింది. రోజంతా గొలుసుకు కట్టేసిన చిన్నమ్మిని ఊహించుకుంటే నాకు అన్నం దిగలేదు.

చిన్నప్పటినుంచి డైరీ రాసేవాణ్ణి. ఏ పనికైనా ముందు పద్ధతి రాసుకుంటే గాని చెయ్యి ఆడదు. కోడి కార్జం ఉడికించి, చిన్న ముక్కలు కోసి, టిఫిన్ డబ్బాలో పోసుకుని బయలుదేరేవాణ్ణి. కాస్త దూరం పోనిచ్చి "దా" అని పిలవాలి, వచ్చినవాళ్లకు ముక్క పెట్టాలి. ఇంతే పద్ధతి.

మొదట్లో చిన్నమ్మి పిలవగానే దుమ్ము లేపుకుంటూ వచ్చి నా కాళ్ల ముందు కూర్చునేది, తోకతో నేల ఊడుస్తూ. పెద్దోడు మాత్రం ఒక రాయి ముగించి, ఇంకో రాయి మొదలుపెట్టి, తాపీగా వచ్చేవాడు. వాడు వచ్చాక వాడికొక ముక్క, తర్వాత దానికొక ముక్క పెట్టేవాణ్ణి. కొన్నాళ్లకు రెండూ జతగా రావడం మొదలుపెట్టాయి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. పాఠం వచ్చేసిందని నా భార్యతో చెప్పాను కూడా.

ఆ మరుసటి వారమే పెద్దోడికి ఎవరో పారేసిన అన్నం పొట్లం దొరికింది. తల ఎత్తలేదు. చిన్నమ్మి వాడి పక్కనే నిలబడింది, నేను పిలిస్తే నా వైపు కాదు, వాడి వైపు చూసింది. అంతలో మేకలు కనిపించాయి. తర్వాత జరిగింది మళ్లీ చెప్పనక్కరలేదు. ఈసారి మేకలావిడ నా వైపు చూడకుండానే మందను మళ్లించుకుని పోయింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

మరునాడు నా భార్య తానూ వస్తానని చెప్పులు వేసుకుంది. ఒక హద్దు రాయి మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ మా విద్య అంతా చూసింది. కాసేపటికి నన్ను పిలిచింది.

"అది ముందొస్తే దానికి పెట్టకుండా డబ్బా మూసి పట్టుకోనుండారు, ఎందుకు?"

"పెద్దోడు రావాల గదా."

"వాడొచ్చేదాకా అది పావం వట్టి నోరేసుకోని కూర్చోవాల్నా? రెండు రోజులు చూసింది, వాడు కదిలినప్పుడు కదిలితే చాల్లే అనుకునింది. ఇదేమన్నా పెండ్లి బంతా?"

నాకప్పుడు వెలిగింది. మా ఇళ్లలో ఆకులు వేశాక పెద్దాయన చెయ్యి పెట్టేదాకా పిల్లలు ముద్ద కలపరు. మా తాత, మా నాయన, ఇప్పుడు నేను, అందరం ఆ వరసలోనే తిన్నాం. ఆ వరసనే తీసుకొచ్చి లేఅవుట్‌లో వడ్డించాను. చిన్నమ్మికి నేను నేర్పింది పిలిస్తే రావడం కాదు, పెద్దోడి కోసం కనిపెట్టుకుని ఉండడం.

అయినా వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు. చిన్నదానికి ముందు పెడితే పెద్దోడు చిన్నబుచ్చుకుంటాడేమోనన్నాను.

"వాడేం మగపెళ్లివారి మామనా, ముందు వడ్డించలేదని అలిగేదానికి?" అని ఆమె పెద్దోడి మెడతాడు తీసుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇప్పుడు దాన్నొక్కదాన్నే పిలవండి."

పిలిచాను. వచ్చింది. మూతి నా చేతికి తగలగానే ముక్క పెట్టాను. అది ఆశ్చర్యంగా నా మొహం చూసింది. వెనక్కి తిరిగి పెద్దోడి మొహం చూసింది. మళ్లీ పరిగెత్తిపోయింది, మళ్లీ పిలిపించుకోవడానికి. తర్వాత దాన్ని పట్టుకుని వాణ్ణి పిలిచాం. రోజూ అలా విడివిడిగా చేసి, బాగా కుదిరాక రెండింటినీ వదిలి, ఎవరి పేరు పిలిస్తే వాళ్లకు, ఎవరు ముందొస్తే వాళ్లకు పెట్టాను. పెద్దోడు అలగలేదు సరికదా, తన వంతు తప్పిపోతోందని గ్రహించి ఆ వయసులో పరుగు నేర్చాడు. చెవులు ఎగరేసుకుంటూ వాడు వస్తుంటే మా ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు.

ఆడికృత్తిక వచ్చింది. ఊరంతా కావళ్లు, పసుపు బట్టలు. మా బావమరిది మొక్కు తీర్చుకుని, గుండుకు చందనం పూసుకుని మధ్యాహ్నం ఇంటికి దిగాడు. వ్యానులో చిన్నమ్మి కోసం గోనెపట్టా కూడా పరిచి తెచ్చాడు. సాయంత్రం ముగ్గురం లేఅవుట్‌కు పోయాం. దారి పొడుగునా నన్ను ఆట పట్టిస్తూనే ఉన్నాడు.

"కుక్కని పిలిచేదానికి ఇంత చదువెందుకు బావా? కట్టేస్తే యాడికి పోతాది?"

నేను డబ్బా మూత తీసి పెట్టుకున్నాను. ఎందుకంటే అటు చివర మేకలు కనిపించాయి. చిన్నమ్మికి నాకన్నా ముందే కనిపించాయి. బాణంలా పోయింది. పెద్దోడు మా బావమరిది పంచె అంచున ఏదో పరిశోధనలో ఉన్నాడు, వాడి సాయం అందే వీలు లేదు.

"చిన్నమ్మీ, దా!"

అది సగం దారిలో ఆగింది. మేకల వైపు చూసింది. పెద్దోడి వైపు చూసింది, వాడు కదల్లేదు. ఒక్క క్షణం ముందు కాలు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి, పోయినంత వేగంగా నా దగ్గరికి వచ్చి మోకాళ్లకు గుద్దుకుంది. చేతికి వచ్చినన్ని ముక్కలు పెట్టేశాను, పద్ధతి గిద్దతి చూసుకోలేదు.

చూలు మేకలు తల కూడా ఎత్తకుండా మేస్తున్నాయి. మేకలావిడ కర్ర చంకలో పెట్టుకుని దూరంనుంచి, "ఇంగ పర్వాలేదులే అన్నా, ఇట్లనే చూసుకో" అంది.

మా బావమరిది గుండు తడుముకున్నాడు. అక్క వైపు చూశాడు. ఆమె ఇక చెప్పడానికేముందన్నట్టు చూసింది.

"సరేలే అక్కా, నేను వేరే కుక్కని చూసుకుంటా" అన్నాడు.

"వేరే కుక్కనైనా సరే, ఆడ ఊరికే కట్టేసి పెట్టొద్దురా" అంది నా భార్య.

చీకటి పడకముందే వ్యాను ఆరణికి బయలుదేరింది. ఖాళీ గోనెపట్టా మీద మా పెరటి కొబ్బరికాయలు నాలుగు వేసి పంపాం.