కాలితో చెప్పమనేవారు

డాక్టరుగారు పోయారన్న కబురు నాకు బడిలో తెలిసింది. ఏడో తరగతి ఆడపిల్లలకు పాఠం చెబుతుంటే చప్రాసీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "టీచరమ్మా, నాంపల్లికెల్లి మనిషొచ్చిండు. మీ బొక్కల డాక్టర్ సాబ్ పొద్దుగాల పోయిండంట" అన్నాడు. పిల్లలు బొక్కలన్న మాటకు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. అబిడ్స్‌లోని మా బడి నుంచి నాంపల్లి స్టేషను వెనక సందులో ఆయన ఇంటికి ఎంత దూరమని! రోజూ నడిచే దారే. అయినా ఆ రోజు రిక్షా ఎక్కాను.

చాయ్ తాగి, పేపరు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలోనే తల వాల్చేశారట. ఆయనతో కలిసి ఉండే చెల్లెలు వంటింట్లోంచి వచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. "ఏం కష్టపడకుండ పోయిండు, పుణ్యాత్ముడు" అని అక్కడ చేరిన వాళ్ళంతా అంటున్నారు. ఆయన ఆ మాట విని ఉంటే ఊరుకునేవారా? "కష్టపడలేదని మీకెట్ల తెలుసు? అడిగిన్రా?" అని నిలదీసేవారు. ఆయన జీవితమంతా ఆ ఒక్క ప్రశ్నతోనే గడిచింది మరి.

ఆయనది మెదక్ వైపు, క్రైస్తవ కుటుంబం. మిషన్ బడిలో చదువుకుని పట్నం వచ్చి, పెద్ద దవాఖానలో ఎముకల డాక్టరయ్యారు, జనం మాటలో బొక్కల డాక్టరు. మాకు పరిచయమైంది మాత్రం మా అమ్మ తుంటి విరిగినప్పుడు. ఆమెకు అరవై దాటిన కొత్తలో సంగతి. నల్లా దగ్గర బట్టలుతికే బండ మీద అమ్మ జారిపడింది. అప్పట్లో పెద్దవాళ్ళకు తుంటి విరిగిందంటే మంచం పట్టినట్టే. మంచంలోనే పుళ్ళు పడి, ఆయాసం వచ్చి పోయేవాళ్ళు. నాన్న అప్పటికే లేరు. అమ్మా నేనూ అంతే. ఆ రోజు డాక్టరుగారు నాతో, విరిగిన తుంటి తల తీసేసి దాని జాగాలో లోహపు గుండు పెడతానని, ఇది కొత్త పద్ధతి అని చెప్పారు. సగం అర్థమైంది, సగం కాలేదు. సరే అన్నాను.

అమ్మ నడిచింది! మొదట కర్రతో, తర్వాత కర్ర లేకుండా. ఒకరోజు సుల్తాన్ బజార్ దాకా వెళ్ళి, బట్టల కొట్లన్నీ తిరిగి, అందరితో బేరమాడి, ఒక్క జాకెట్టు గుడ్డ కూడా కొనకుండా తిరిగి వచ్చింది. "మరి ఎందుకు పోయినవే?" అంటే, "బేరం చేయనీకె" అంది. అంత సంతోషం నేను మళ్ళీ ఆమె మొహంలో చూడలేదు.

ఆపరేషన్ చేసి చేతులు దులుపుకునే మనిషి కాదు ఆయన. నాలుగైదు నెలలకోసారి శనివారం పూట ఆ ఆపరేషన్ అయిన వాళ్ళందరినీ దవాఖానకు రమ్మనేవారు. నడిపించి చూసేవారు, కూర్చోబెట్టి చూసేవారు, నొప్పి ఉందా అని అడిగేవారు. "కోసుడు గొప్ప కాదు టీచరమ్మా. కోసినంక ఏమైతున్నదో చూడాలె. ఈ పుస్తకాలన్నీ కుర్చీల మీద కూసునేటోళ్ళ దేశంల రాసినయి. మనోళ్ళు కింద కూసుంటరు. ఈ గుండు మనోళ్ళను నిలబెడ్తదా, ముంచుతదా? అది తెల్వకుంట ఇంకొకరికి ఎట్ల పెట్టాలె?" అనేవారు. ఆయనకు కావలసింది అదొక్కటే. ఆ జవాబు కోసం ఆయన ఎంత ఆశగా అడిగేవారో, ఆయన మంచితనం చూసి మనవాళ్ళు అంత ఒద్దికగా అబద్ధం చెప్పేవాళ్ళు.

ఔను, అబద్ధమే. రెండేళ్ళు తిరిగేసరికి అమ్మకు నొప్పి మొదలైంది. శనివారం పిలుపు వచ్చిందంటే మా ఇంట్లో పెళ్ళివారి హడావుడి. అంతకుముందు రెండు రోజులు మంచం దిగేది కాదు, కాలికి విశ్రాంతి అని. ఆ పొద్దున చాయ్‌తోపాటు నొప్పి గోలీలు మింగేది. పట్టుచీర కట్టి, తలలో పూలు పెట్టి, చేతిలో బత్తాయిల సంచీ పట్టుకుని బయలుదేరేది. అక్కడ వరండాలో అందరూ అలాంటి పెళ్ళివాళ్ళే. "జర సీదా నడువు అక్కా. సాబ్ మనసు కష్టపడ్తది" అని ఒకరికొకరు బుద్ధులు చెప్పుకునేవారు. లోపలికెళ్ళి, "మీ దయ వల్ల మంచిగున్న సాబ్" అనేవారు. ఆయన మొహం వెలిగిపోయేది. బయటికి వచ్చి, తలుపు మూసుకోగానే బల్ల మీద కూలబడి, "అబ్బ!" అనేవారు.

నేను అమ్మతో పోట్లాడని రోజు లేదు. "నొప్పి అని చెప్తె ఏం పోతది నీకు?" అంటే, "దేవుడసుంటి మనిషి. చేసిన పని పాడైందని మొహం మీద చెప్తరానె? గా పాడు మాట నా నోట్లకెల్లి రాదు" అనేది. నేను కూడా నోరు మూసుకోవాలని ఒట్టు పెట్టింది. నన్ను ఒట్లూ గిట్లూ ఆపవు. ఒక సాయంత్రం అబిడ్స్‌లో పోస్టాఫీసు ముందర ఆయన ఎదురుపడి, నవ్వుతూ, "మీ అమ్మ కాలు చూస్తె నాకే ముచ్చటైతది. కొత్త డాక్టర్లకు చూపెడ్త" అనగానే నాకు ఒళ్ళు మండింది. "మా అమ్మ మీకు అబద్ధం చెప్తున్నది సార్. అందరూ చెప్తున్రు. గోలీలు మింగి వస్తున్రు" అన్నాను, నడిరోడ్డు మీద, గొంతెత్తి. ఆయన చేతిలో ఉన్న కవర్లు పోస్టు చేయడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే, ఏ కబురూ లేకుండా, మా గుమ్మంలో ఉన్నారు. అప్పుడు అమ్మ వంటింటి నుంచి నల్లా దగ్గరికి వెళ్తోంది. వెళ్తోంది అంటే నడిచి కాదు. నేల మీద కూర్చుని, చేతులు ఆనించి, పిర్రల మీద జరుగుతూ. ఇంట్లో ఆమె నడక అదే. ఆయన్ని చూడగానే కొంగు తల మీదికి లాక్కుని, గోడ పట్టుకుని, లేచి నిలబడింది. "రాండ్రి సాబ్, మంచిగున్న" అంది. మొహమంతా చెమట. ఆ కాలు గడగడా వణుకుతోంది.

ఆయన వచ్చి అమ్మను మెల్లగా కూర్చోబెట్టి, తనూ ఆ తడి నేల మీదే కూర్చున్నారు. ఆ కాలి మీద చెయ్యి వేసి, "ఇగ నీ నోటిని నమ్మనమ్మా. కాలుతోని చెప్పు" అన్నారు. ఆ తర్వాత ఏ రోగితోనైనా ఆ మాటే అనేవారు. నాంపల్లి, కాచిగూడ, సుల్తాన్ బజార్ గల్లీలన్నిటా ఆయన పేరే అదైపోయింది. కాలుతోని చెప్పమనే డాక్టరు.

అప్పటినుంచి ఇల్లిల్లూ తిరిగారు. సగం ఇళ్ళలో మా అమ్మ కథే. కొన్ని ఇళ్ళలో అసలు మనిషే లేదు. గుండు పెట్టిన చోట చీము పట్టి పోయారు. "మరి నాకు ఒక్క మాట చెప్పలేదేమయ్యా?" అంటే, "మీరు బాధపడ్తరని, సాబ్" అన్నారట. ఒక ఇంట్లో ఆ కొడుకు, పోయిన తల్లి పేరు మీద ఆయనకు భోజనం కూడా పెట్టాడట.

మనుషుల నోరు నమ్మడం మానేసి, దవాఖానకు వచ్చిన వాళ్ళ చెప్పులు తిరగేసి చూడడం మొదలుపెట్టారు. ఏ పక్క అరిగింది, ఏ కాలు ఈడుస్తున్నారు అని. నాలుగు శనివారాలు బాగానే సాగింది. ఆ పైన మనవాళ్ళంతా అబిడ్స్‌లో కొత్త చెప్పులు కొనుక్కుని రాసాగారు! కింద కూర్చోవద్దంటే వినడం లేదని, నాంపల్లి వడ్లాయన దగ్గర మధ్యలో రంధ్రం పెట్టి కుర్చీలు చేయించి, పాయఖానాకు వాడుకోమని ఇళ్ళకు పంపారు. కుర్చీ మీద కూర్చుని ఆ పని చేయడానికి మనవాళ్ళకు సిగ్గు. కాచిగూడలో ఒక ఇంటికి వెళ్ళి చూస్తే, ఆ రంధ్రంలో మంచినీళ్ళ కుండ చక్కగా కూర్చుని ఉంది. "మస్తు సవులతుగున్నది సాబ్, కుండ కదుల్తలేదు" అన్నారట. ఆయన ఆ కుండలో నీళ్ళే తాగి వచ్చారు. ఏం చేస్తారు పాపం!

ఆయన డాక్టర్ల సభలో లేచి, తను ఇన్నాళ్ళూ మంచి ఫలితాలని చెప్పినవి తప్పు, ఇళ్ళకు వెళ్ళి చూసి వచ్చాను, ఈ గుండు మనవాళ్ళలో చాలామందికి నిలవడం లేదు, కొందరిని చంపింది కూడా, అని చెప్పారు. ఒక్కరూ మెచ్చుకోలేదు. పై అధికారి, "పేషెంటు బాగుందంటుంటే నీకేంది నొప్పి?" అన్నాడట. ఆ మాట ఆయనే నాకు చెప్పారు, నవ్వి. నవ్వేమిటి, మొహంలో రక్తం లేదు. తర్వాత మెల్లగా ఆపరేషన్లు ఆయన చేతికి రానివ్వడం తగ్గించారు. రిటైరయ్యాక ఆ శనివారాలు వేరే డాక్టరు నడిపాడు. మళ్ళీ పట్టుచీరలు, మళ్ళీ బత్తాయిలు, మళ్ళీ అందరికీ బాగుంది.

మా అమ్మ సంగతికి వస్తాను. ఎక్స్‌రే తీస్తే గుండు వదులై ఎముకను తొలుస్తోంది, లోపల చీము. తీసేస్తే కాలు పొట్టిదవుతుంది, ఎప్పటికీ కర్రే. తీయకపోతే చీము ఒళ్ళంతా పాకుతుంది. రెండూ విడమరిచి చెప్పి, "నువ్వే చెప్పాలమ్మా. నీ కాలు" అన్నారు. అమ్మ, "మీరేం చేస్తె గదే మంచిది" అంది. ఆయన చేతులు జోడించారు. "ఒక్కసారి నీ మనసుల మాట చెప్పు" అని బతిమాలారు. అమ్మ అలాగే చూస్తూ కూర్చుంది. ఆ మనిషికి తెలిసిన మర్యాద అంతే. ఆయనే నిర్ణయించారు, తీసేశారు. పుండు మానలేదు.

ఆ వానాకాలమంతా ఆయనే ఇంటికి వచ్చి కట్లు కట్టారు. కట్టు విప్పేటప్పుడు అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకునేది. "నొప్పి ఉందా అమ్మా?" అంటే కొంగు తీసి, "లేదు సాబ్, మీ చెయ్యి పడితె పోయింది" అనేది. అమ్మ పోయే ముందు రోజు కూడా అదే మాట. ఆయన కట్టు కట్టి, చేతులు కడుక్కుని, మా గడప మీద కూర్చున్నారు. వాన పడుతోంది. "మీ అమ్మ నన్ను ఒక్కసారి తిట్టినా బాగుండు బిడ్డా" అన్నారు. నేను తిట్టగలను, ఊళ్ళో అందరినీ తిట్టినదాన్ని. కానీ ఆయన్ని ఏమని తిట్టను?

ఆ తర్వాత కూడా జనం ఆయన ఇంటి ముందుకు వచ్చేవాళ్ళు, విరిగిన తుంటితో తల్లులను మంచాల మీద మోసుకుని. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు. నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు, చీము పట్టొచ్చు, అని. "మీరు గట్లనే అంటరు సాబ్, మీ చేతి మహిమ మాకు తెల్వదా" అనేవాళ్ళు. "వినరు టీచరమ్మా. నన్ను చూస్తరు, నా మాట వినరు" అనేవారు. సాయంత్రాలు స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చుని, రోడ్డు మీద పోయే వాళ్ళ కాళ్ళు చూస్తూ చాయ్ తాగేవారు. ఒకరోజు నేనే అడిగాను, "ఇంకా ఎందుకు సార్ చూసుడు?" అని. ఆయన మళ్ళీ రోడ్డు వైపే తిరిగారు. చాయ్ చల్లారిపోయింది. ఆ మనిషి మీద నాకున్న కృతజ్ఞత ఎంతని చెప్పను! కోసిన వాళ్ళు చాలామంది ఉన్నారు. కోశాక మా ఇంటికి వచ్చి, మా తడి నేల మీద కూర్చుని చూసినవాడు ఆయనొక్కడే. చూసి ఏమైంది అంటారా? ఏమీ కాలేదు. అదే నా ఏడుపు.

ఆయన పోయిన ఆ రోజు మధ్యాహ్నానికి ఆయన పాత రోగులు వచ్చారు. బతికి ఉన్నవాళ్ళు. ఇల్లు మేడ మీద, మెట్లు ఇరుకు. వాళ్ళు ఎక్కలేరు. సందులోనే ఆగి, కొందరు రిక్షాల్లో, కొందరు హోటలువాడిచ్చిన కుర్చీల్లో, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు. ఒక ముసలావిడ నన్ను గుర్తుపట్టి, "సమాధుల తోట దాకా రాలేను బిడ్డా, పానం పోతున్నది" అంది.

ఆయన్ని ఉంచిన పెట్టె మెట్లు దిగింది. అది సందులోకి రాగానే వాళ్ళందరూ లేచారు. నేను వద్దంటున్నా వినలేదు. కర్రలు గోడకు ఆనించి వదిలేశారు. కొంగులు సర్దుకున్నారు, టోపీలు సరిచేసుకున్నారు. పెట్టె వెనక నడిచారు, నడుము నిటారుగా, తల ఎత్తి, పళ్ళు బిగబట్టి. ఒక్కరూ కుంటలేదు. సందు మలుపులో మోసేవాళ్ళు పెట్టెను బండి ఎక్కించి, తలుపు వేశాక, ఆ బండి స్టేషను రోడ్డు మీదికి తిరిగి కనపడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డారు. అప్పుడు ఒక్కొక్కరే కిరాణా కొట్టు అరుగు మీద కూలబడ్డారు. ఆ ముసలావిడ కళ్ళు మూసుకుని, రెండు చేతులతో తుంటి అదిమి పట్టుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయింది.