ఎండకు ఆరబెట్టిన కారు

2023 మే నెల. దాచేపల్లి ఊరి చివర, గురజాల వెళ్ళే రోడ్డు పక్కన మా వాటర్ సర్వీసింగ్ షెడ్డు ఉంది. లారీలు, కార్లు కడగడం మా పని. మా ఆయన మొదలుపెట్టారు. 2006లో ఆయన పోయినప్పటి నుంచి నేను నడుపుతున్నాను. ఇప్పుడు పైపు పట్టుకునే ఓపిక లేదు. కుర్చీలో కూర్చుని చేయిస్తాను. రోజూ చెప్పిన మాటే చెప్పడం వల్ల వచ్చే అలసట మాత్రం కుర్చీలో కూర్చున్నా తగ్గదు.

ముందు ఇక్కడి నీళ్ళ సంగతి చెప్పాలి. మా చుట్టూ భూమంతా సున్నపురాయి. బోరు ఎక్కడ వేసినా నీళ్ళలో సున్నమే. ఇంట్లో బిందె నాలుగు రోజులు తోమకపోతే తెల్లగా పొర కడుతుంది. దానికి తోడు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు దుమ్ము. ఈ దుమ్ము మీద ఆ నీళ్ళు పడి ఎండలో ఆరితే ఏమవుతుందో, గోడ కట్టేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఆ నెల 13, శనివారం పొద్దున కోటయ్య కారు తీసుకొచ్చాడు. ముదురు నీలం బండి, సెకండ్ హ్యాండ్. అతను అంతకుముందు లారీ డ్రైవరు. రోజుల తరబడి ఇంటి మొహం చూడకుండా తిరగలేక లారీ మానేసి, ఫ్యాక్టరీ ఆఫీసర్లను తిప్పే డ్యూటీకి పెడదామని ఆ ఫిబ్రవరిలో ఫైనాన్సులో కారు కొన్నాడు. పక్క సీట్లో అతని భార్య పద్మ. ఇద్దరూ దిగారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

“సోమవారం ట్రాన్స్‌పోర్ట్ మేనేజరు కార్లన్నీ చూస్తాడంట పెద్దమ్మా. మొన్న గేటు దగ్గర నా బండి చూసి, ఇదేందయ్యా, బండికి సున్నం కొట్టించావా అన్నాడు. సోమవారానికి బాగుపడితే ఉంచుతాడంట. లేకపోతే వేరే బండి చూసుకుంటాడంట. డ్యూటీ పోతే కిస్తీ కట్టలేను, మళ్ళీ లారీ ఎక్కాల్సిందే.”

“ఎవరి పని ఇది?” అన్నాను.

“ఇంకెవరిది? ఈమే కదా కడిగేది. బిందెలు తోమినట్టు తోమింది.”

“నేను తోమింది మొన్న ఒక్కరోజు. అంతకు ముందు నుంచీ ఉన్న మచ్చలు ఎవరు పెట్టారో గూడా చెప్పు,” అంది పద్మ.

లేచి బండి చుట్టూ తిరిగాను. దెబ్బలు రెండు రకాలుగా ఉన్నాయి. పైకప్పు మీద, డోర్ల మీద, డిక్కీ మీద నీటిబొట్టు అంత తెల్లటి వలయాలు. నీరు ఆవిరై, అందులోని సున్నం మిగిలిపోయిన గుర్తులవి. బానెట్ మధ్యలో మాత్రం వలయాలు లేవు. విస్తరంత మేర మెరుపు చచ్చి, పాత స్టీలు పళ్ళెంలా సన్నగా గీతలు పడి ఉంది. కారు రంగు మీద గాజులాంటి పలుచటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని క్లియర్ కోట్ అంటాం. మెరుపంతా దానిదే. బానెట్ మీద దెబ్బ తిన్నది ఆ పొర.

కడిగాక ఏం చేస్తారని అడిగాను.

“ఇంటి ముందు రేకుల కింద కడిగిద్ది. నేను బండి తీసి ఎండలో పెడతా. పావుగంటలో ఆరిపోయిద్ది,” అన్నాడు కోటయ్య.

“గుడ్డతో తుడవరా?”

“గుడ్డ తగిలితే గీతలు పడతయ్యని కార్ల స్టాండులో చెప్పారు పెద్దమ్మా. అందుకే ఎవర్నీ ముట్టుకోనీను.”

పద్మ చీర చెంగు నడుముకు దోపుకుంది. “గ్లాసులు కడిగి అట్టా వదిలేస్తే తెల్లబడతయ్యి, వెంటనే తుడవాలి. మా వీధిలో ఏ ఆడమనిషిని అడిగినా చెప్పిద్ది. కారు గూడా అంతేగదా అంటే, కారూ గ్లాసూ ఒకటా అన్నాడు. నేనే ఆయన పాత లుంగీ తెస్తే, లాక్కొని మొహం తుడుచుకున్నాడు.”

మా సైదులు నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా మా షెడ్డులో పాలిష్ పని అతనిదే.

నిజానికి ఇద్దరి మాటలోనూ సగం సగం ఉంది. దుమ్ము పట్టిన లుంగీతో రుద్దితే గీతలు పడతాయి. తుడవకుండా ఎండలో పెడితే మచ్చలు పడతాయి. తుడవాలి, మెత్తటి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఇంత చిన్న మాట రెండు ముక్కలై, చెరొకరి దగ్గర చెరొక ముక్క ఉండిపోయింది.

“బానెట్ సంగతేంది?” అన్నాను.

పద్మ తల దించుకుంది. “మేనేజరు అట్టా అన్నాడని ఆయన ఆరోజు అన్నం తినలేదు పెద్దమ్మా. మజ్జానం పడుకున్నాడు. బిందె మీద తెలుపు దేనితో పోయిద్దో నాకు తెలుసు గదా. చింతపండు, ఉప్పు కలిపి రుద్దా. తెల్లమచ్చ పోయింది. మెరుపు గూడా పోయింది.”

తిట్టడానికి నోరు రాలేదు. పులుపు సున్నాన్ని కరిగిస్తుందన్నది తప్పేమీ కాదు. మేమూ వెనిగర్‌లో నీళ్ళు కలిపి అదే పని చేస్తాం. అయితే నీడలో, చల్లబడిన బండి మీద, గుడ్డతో అద్ది వెంటనే కడిగేస్తాం. ఆమె మే నెల ఎండలో, కాలిపోతున్న రేకు మీద, ఉప్పురాళ్ళతో, చింతపండు పీచుతో రుద్దింది. ఇత్తడి బిందె ఓర్చుకుంటుంది. పెయింటు ఓర్చుకోదు.

సైదులు ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాడు. వెనిగర్ నీళ్ళకు సగం మచ్చలు పోయాయి. లోతుగా దిగిన వాటికి కాంపౌండ్ పెట్టాలి. కాంపౌండ్ అంటే చాలా సన్నటి గరుకు ఉన్న పేస్టు. దాన్ని పూసి, తిరిగే మెత్త ఉన్న బఫింగ్ మెషిన్‌తో రుద్దుతాం. చూసేవాళ్ళు మచ్చ పోతోందనుకుంటారు. పోయేది మచ్చ చుట్టూ ఉన్న క్లియర్ కోట్. మచ్చ ఎంత లోతు దిగిందో అంతదాకా చుట్టుపక్కలంతా అరగదీస్తాం, అంతే.

ఆదివారం పొద్దునకు పైకప్పు, డోర్లు, డిక్కీ శుభ్రపడ్డాయి. మధ్యాహ్నం బానెట్ పట్టాడు. రెండుసార్లు మెషిన్ తిప్పాక సగం మెరుపు వచ్చింది. మధ్యలో మాత్రం మసకగానే ఉంది. సైదులు మెషిన్ ఆపి, చేత్తో తడిమి చూసి, “ఇక్కడ పొర పలచబడిందమ్మా. ఇంక తిప్పితే రంగు లేచిపోయిద్ది,” అన్నాడు.

“ఇంకొక్కసారి తిప్పమను పెద్దమ్మా,” అన్నాడు కోటయ్య.

“రంగు లేస్తే బానెట్ అంతా పెయింటు వేయించాల. రేపటికి ఎవరు వేస్తారురా?”

“లేవకపోవచ్చు గదా. ఇట్టా తీసుకుపోతే ఎట్టాగూ ఇవ్వడు. నా బండి, నేను చెప్తన్నా, తిప్పమను.”

“బండి నీదే. మెషిన్ నాది.”

“మీదేం పోయిద్ది పెద్దమ్మా. లారీ ఎక్కేది నేను.”

 సైదులు నావంక చూస్తున్నాడు. అప్పటిదాకా గోడ పక్కన కూర్చున్న పద్మ లేచి వచ్చి, మెషిన్ వైరు ప్లగ్గులోంచి తీసేసింది.

“చాల్లే. ఈ డ్యూటీ పోతే ఇంకో డ్యూటీ చూసుకుందాం. బానెట్ గూడా పోతే ఏ డ్యూటీకి పిలుస్తారు?”

“చేసింది చేసి నీతులా?”

“అవును, చేసిందాన్నే చెప్తన్నా. నీకోసమని ఆత్రపడి చేశా. ఇప్పుడు నువ్వు ఆత్రపడతన్నావు.”

 కోటయ్య వెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కొచ్చాడు.

సాయంత్రం ఎండ దిగాక ఇద్దరినీ నిలబెట్టి తుడవడం నేర్పాను. కడగడం అయ్యాక పైపు మూతికున్న నాజిల్ తీసేసి, నీళ్ళు ధారగా పైనుంచి వదలాలి. చాలా నీళ్ళు వాటంతట అవే జారిపోతాయి. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డలు రెండు. మైక్రోఫైబర్ అంటే సన్నటి పోగుల కుచ్చులతో నీళ్ళు పీల్చే గుడ్డ. మొదటిది పైకప్పు మీద పరిచి మెల్లగా లాగాలి, గుండ్రంగా రుద్దకూడదు. పైనుంచి కిందికి రావాలి. చక్రాల దగ్గర వాడిన గుడ్డ మళ్ళీ పైకి పోకూడదు. కింద పడ్డ గుడ్డను ఉతికేదాకా ముట్టుకోకూడదు. రెండో గుడ్డతో మిగిలిన తడి తీయాలి. అప్పుడు డోర్లు, డిక్కీ, బానెట్ తెరిచి అంచులు తుడవాలి. అద్దాల వెనక, డీజిల్ మూత లోపల, డోర్ల చుట్టూ ఉండే రబ్బరు బీడింగుల కింద నీళ్ళు దాక్కుంటాయి, తర్వాత చారలుగా కారతాయి. డోర్ల కింది అంచులో నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. మా దగ్గర సిమెంటు దుమ్ముతో అవి మూసుకుపోయి డోర్ లోపలినుంచి తుప్పు పడుతుంది. కోటయ్య బండికి రెండు మూసుకుపోయే ఉన్నాయి, పుల్లతో తీయించాను. ఆఖరున బండి కాస్త దూరం మెల్లగా నడిపి, నాలుగుసార్లు బ్రేకు నొక్కి, బ్రేకుల తడి ఆరబెట్టాలి. ఇదంతా నీడలో.

పద్మ ఒక్కసారికే పట్టేసింది. కోటయ్య గుడ్డను గుండ్రంగా తిప్పుతుంటే, “అట్లు పోస్తన్నావా? తిన్నగా లాగు,” అంది. ఆ రెండు రోజుల్లో అతను నవ్వడం అప్పుడే చూశాను.

సోమవారం సాయంత్రం ఫోను చేశాడు.

“చుట్టూ తిరిగి చూశాడు పెద్దమ్మా. బానెట్ కాడ ఆగి, ఇదేంది అన్నాడు. చింతపండు సార్ అన్నా.”

“అట్టానే చెప్పావా?”

“ఏం చెప్పను మరి. నవ్వాడు. వాళ్ళింట్లో గూడా ఇవే నీళ్ళంట. పెద్ద ఆఫీసర్లకు ఈ బండి పెట్టలేను, నైట్ షిఫ్ట్ వాళ్ళను తిప్పుకో, చీకట్లో బానెట్ ఎవరు చూస్తారు అన్నాడు. డబ్బులు కొంచెం తక్కువే. కిస్తీకి సరిపోతయ్యి.”

“ఎవరు చేశారని అడిగాడా?”

“అడిగాడు. ఇంట్లోవాళ్ళం అన్నా.”

అతను ఇప్పటికీ ఆ నైట్ డ్యూటీలోనే ఉన్నాడు. బానెట్ మీద మసక అలాగే ఉంది. స్టాండులో ఎవరైనా కొత్త బండి కొంటే తీసుకెళ్ళి చూపిస్తాడని విన్నాను. వాళ్ళు చూస్తారు, తల ఊపుతారు, మర్నాడు బండి కడిగి ఎండలో పెడతారు. ఆ తర్వాత నా దగ్గరికి వస్తారు. వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒకటే, ముందున్నట్టు చేసిపెట్టమని. ముందున్నట్టు చేసేది ఏదీ నా షెడ్డులో లేదని ఆ ఆదివారం నాకు తేటగా తెలిసింది. సున్నం నీళ్ళు ఆరిపోయాక నా దగ్గరున్నవన్నీ పెయింటును అరగదీసేవే. తడి ఉన్నంతసేపూ గుడ్డ చాలు.