గుడ్డల మూట

పిల్లల వార్డులో ఆవిడని అందరూ పెద్ద సిస్టరనే పిలిచేవారు. వెనకాల మాత్రం సబ్బుబిళ్ళ. చేతులు కడుక్కోకుండా పిల్లని ముట్టుకుంటే కన్నతల్లినైనా సరే నలుగురిలో కడిగేసేది. ఇరవై ఆరేళ్ళలో విరేచనాల పిల్లల్ని ఎందరినో గట్టెక్కించిన మనిషి. ఆ ధీమా నడకలోనే కనిపించేది.

ఓ పొద్దున్న ఇటుకబట్టీలో పనిచేసే పిల్లతల్లి ఒకతె ఏడాదిన్నర కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. పిల్లకి నెత్తురూ జిగటా పడుతున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు మందు రాసి, "ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్క ముఖ్యం సిస్టర్. ఎక్కువైతే వెంటనే సెలైన్ పెట్టేద్దాం," అన్నాడు.

పెద్ద సిస్టరు పొట్లం మందు నీళ్ళలో కలిపి చెంచా ఇచ్చింది. "రెండు నిమిషాలకో చెంచా పట్టు. కక్కితే కాసేపాగి మళ్ళీ పట్టు. పాలివ్వడం మానకు."

ఈలోగా పిల్ల దుప్పటి పాడుచేసింది. తల్లి కంగారుగా కొంగుతో తుడిచి, ఆ చేత్తోనే చెంచా అందుకుంది.

"ఛీ! ఈ రోగం నీ చేతుల్తోనే తినిపించావు కదే! ఇంకోసారి ఇలా పాడైన గుడ్డలు నా కంటబడ్డాయో, ఇద్దర్నీ బయటికి గెంటిస్తా!" అని అరిచింది సిస్టరు.

వార్డంతా నవ్వింది. తల్లి కూడా నవ్వబోయి తల దించుకుంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళిందని ఎప్పుడడిగినా తల్లి "ఒక్కసారేనమ్మా" అనే చెప్పింది. మధ్యాహ్నానికి లెక్క చీటీ మీద మూడే గీతలు. "తిడితేగానీ దారికి రారు," అంది సిస్టరు చిన్న నర్సుతో.

నాలుగింటికి పిల్ల ఏడుపు ఆగిపోయింది. సిస్టరు వెళ్ళి చూస్తే కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. ఆవిడ కేకకి డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. చేతిలో, కాలిలో, తలలో వెతికినా సూదికి నరం అందలేదు. చివరికి ఎముకలోకి గుచ్చి సెలైన్ ఎక్కించారు. అరగంటలో అంతా అయిపోయింది.

మంచం కింద మూట కనిపించింది. సిస్టరు విప్పింది. తల్లి తన లంగా చింపుకున్న పీలికలు. నెత్తుటి గుడ్డలు పదకొండు.

"ఎందుకు దాచావే?"

"గెంటేస్తానన్నారు కదమ్మా. నయమయ్యేదాకా ఉండనిస్తారని..."

డాక్టరు కాగితం మీద రాస్తూ, "తల్లి సరిగ్గా చెప్పలేదు. అంతేగా సిస్టర్?" అన్నాడు.

ఆవిడ మూట మళ్ళీ ముడేసింది. "అంతే సార్."

"అవును సార్, తప్పు నాదే," అంది తల్లి. పిల్లని దుప్పట్లో చుట్టుకుని, దుప్పటి ఆసుపత్రిదని గుర్తొచ్చి, విప్పి మడతపెట్టి మంచం మీద ఉంచి వెళ్ళిపోయింది.

ఎవరూ సిస్టర్ని ఒక్క మాట అనలేదు. రిటైరయ్యేదాకా ఆవిడ ఏ తల్లినీ లెక్క అడగలేదు. ప్రతి పిల్లకీ తనే గుడ్డ మార్చింది, తనే లెక్కపెట్టుకుంది. ముసలమ్మకి చాదస్తం ముదిరిందని చిన్న నర్సులు నవ్వుకున్నారు.