నా సేత్తో పీకీసిన వెంపలి

నాను ఐదో తరగతితో బడి ఆపీసేను. రాయడం ఇదే మొదలు, తప్పుంటే ఏటనుకోకండి.

ఆనందపురం అవతల గోస్తనీ ఏటి పక్కన మాకు అరెకరం ఉంది. పట్నంలో లేఅవుట్లకి గ్రావెల్ కావాలంటే మా ఇంటాయన సరే అనీసేడు. పై మట్టంతా లారీలు ఎత్తుకుపోయేయి. ఎర్రటి గట్టినేల మిగిలింది. గునపం కూడా దిగదు.

ఆయన పోర్టుకి లారీ తోల్తాడు. "ఇంకేటి పండుతాదే అక్కడ? లారీలు పెట్టుకోడానికి ఇచ్చీద్దాం" అన్నాడు.

"ఈ వర్సాలు సూడయ్యా. పచ్చబడకపోతే నీ ఇష్టం" అన్నాను.

మా అమ్మ సారంలేని నేలలో సత్తువొస్తాదని వెంపలి సల్లేది. అది గేపకమొచ్చి ఏటి గట్టెంట తిరిగేను. అన్నాళ్లూ అదంతా ఒకటే పిచ్చిమొక్క అనుకున్నాను. ఒంగి సూత్తే ఎన్ని రకాలో! వెంపలి, పిల్లిపెసర, అడవి ఉలవ, పేరు తెలీని తీగలు రెండు. ఎండిన కాయలు కొంగులో ఏరుకుని, గింజలు వేడినీళ్లల్లో నానేసి, తొలి వానకి సల్లేను.

మొలిసేయి. జానెడు ఎదిగేయి. మధ్యలో వయ్యారిభామ కలుపు కూడా లేసింది. దాన్ని పీకుదామని నానూ మా పెద్ద తోటికోడలూ ఎల్లేం. ఇద్దరం ఎన్నో ఏళ్లుగా కలుపుకూలి సేసినోళ్లం. ఆవిడ కోడలి కబుర్లు సెప్తంది, నాను నవ్వుతన్నాను. సేతులు వాటి పని అవి సేసుకుపోతన్నాయి. ఎనక్కి సూత్తే సగం నేల బోడి.

"ఓలమ్మో! వెంపలి పీకీసేవేటే?" అంది ఆవిడ.

"నీ గుప్పిట్లో ఏటుందక్కా మరి?"

సూసుకుంది. అదీ వెంపలే.

వేళ్లకి ఆవగింజలంత బుడిపెలున్నాయి. నేలకి సత్తువ వాటిలోనే ఉంటాదనేది మా అమ్మ. మళ్లీ నాటితే బతకవు. పారీడానికి సేతులు రాక, ఆ బోడి నేల మీదే పరిసీసేను.

వారానికి ఆయన సూడ్డానికొచ్చేడు. "ఇదేనేటే నీ పచ్చదనం? ఎండుగడ్డి పరుపేసేవు!"

సేసిన పని సెప్పీసేను. ఆయన ఆ ఎండుమొక్కల్ని కాలితో పక్కకి తోసేడు. నాలుగు రోజులై వాన లేదు, అయినా కింద మట్టి తడిగా ఉంది. గొంతుక్కూర్సుని వేలు గుచ్చేడు. సగం వేలు దిగింది.

వేలికంటిన మట్టి నలిపి సూసేడు.

"లారీలోళ్లకి ఇప్పుడొద్దని సెప్తాను. ఇంకో ఏడు సూద్దాం." లేసెల్తా అన్నాడు, "ఆ మిగిలిన సగం జోలికి మాత్రం మీ ఇద్దరూ కలిసి ఎల్లకండి."

ఇప్పటికీ ఒకరి సేలో కలుపుకెల్తే వెంపలి దగ్గర నా సెయ్యి ఆగుతాది. కూలికొచ్చేక పీకకుండా కుదరదు, పీకుతాను. ఎండుకాయుంటే కొంగులో ముడేసుకుంటాను.