పెదనాయన ఇచ్చిన నెత్తురు

పులికాట్ సరస్సు ఒడ్డున దుర్గ వాళ్ల పల్లెలో ఆమె చేసే పనేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. సూళ్లూరుపేటలో రైలెక్కి మద్రాసు పోయి, సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చుని వస్తుందని మాత్రం తెలుసు. మనిషి కణాల్లో దాగిన కోట్ల అక్షరాల రాత ఆమె ముందుకు లెక్కలుగా వస్తుంది. రోగాలతో పోరాడే శక్తి ఏ అక్షరం దగ్గర దెబ్బతిన్నదో ఆమె పట్టుకోవాలి. ఆ పనిలో ఆమెకు కాస్త పొగరుంది. ఉండాల్సిందే అంటాను.

ఆ పల్లె పిల్లే కామాక్షి, నాలుగేళ్లది. ఒంటి మీద చీముగడ్డలు, నెలకోసారి జ్వరం. రెండుసార్లు చావు అంచుదాకా పోయి వచ్చింది. జబ్బు పేరు తేలితే గానీ సరైన వైద్యం లేదు. దుర్గే పట్టుబట్టి పిల్లదీ తల్లిదండ్రులదీ నెత్తురు తమ ల్యాబుకు తెప్పించింది.

అనుమానం ఒక జన్యువు మీద నిలిచింది. అది చెడితే ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు క్రిములను మింగుతాయి గానీ చంపలేవు. ఆ చెడు తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే పిల్లకు జబ్బు. తల్లిలో కనబడింది. తండ్రి శివ పేరున్న సీసాలో లేదు. పైగా తండ్రీకూతుళ్లకు సగం కలవాల్సిన రాత బాగా తక్కువగా కలిసింది. పై అధికారి విజయభాస్కర్ గారు అది చూసి, ఆ ఇంట్లో ఏదో దాస్తున్నారని చెప్పి, ఈ కేసు పక్కన పెట్టమన్నారు. బిడ్డ శివది కాదన్నట్టు ఆ మాట తల్లి మీదికి పోతుంది. దుర్గకు ఒళ్లు మండింది. ఒక్కరోజు గడువడిగి రైలెక్కింది.

ఆమెకు తన పల్లె తెలుసు. బ్యాంకైనా ఆసుపత్రైనా, తమ్ముడు చేపల వేటకు పోయి ఉంటే అన్న వెళ్లి నిలబడతాడు. శివ అన్న పెంచలయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. అడిగితే దాచలేదు.

"ఆ పొద్దు తమ్ముడు వేటకి పోయినాడమ్మా. నేనే పోయి ఇచ్చినాను. మా ఇంట్లో అందరిదీ ఒకటే నెత్తురు గదా?"

ఒకటి కాదని దుర్గ దిద్దింది. తన వల్ల ఎంత పని జరిగిందో విని, ఆయన వల పక్కన పడేసి ఏడ్చాడు.

ఈసారి శివే నెత్తురిచ్చాడు. చెడు దొరికింది, జబ్బుకు పేరొచ్చింది. విజయభాస్కర్ గారు అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకున్నారు. ఇక పిల్ల బతకాలంటే నెత్తురు పుట్టించే ఎముక మూలుగ ఆరోగ్యమైనది ఇంకొకరి నుంచి కావాలి, అది ఆమె ఒంటికి సరిపడాలి. తల్లిదీ తండ్రిదీ పూర్తిగా సరిపడలేదు. తోబుట్టువులు లేరు. అప్పుడు దుర్గకు పారేయకుండా ఉంచిన, పెంచలయ్య నెత్తురుతో వచ్చిన ఆ తప్పు లెక్క గుర్తొచ్చింది. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న కుటుంబం, ఎక్కడో ఒకచోట కలవకపోదు. తెరిచి పోల్చింది. కావాల్సిన గుర్తులన్నీ కలిశాయి. చెడూ లేదు. ఆసుపత్రివాళ్లు మళ్లీ పరీక్షించి అదే చెప్పారు. దుర్గ ఫోను చెయ్యకుండా పల్లెకు వచ్చి మరీ చెప్పింది.

"పెంచలన్నా, పిల్లకు పనికొచ్చేది నీదే."

పెంచలయ్య మూలుగ పిల్లకు ఎక్కించి ఏడాది తిరిగింది. కామాక్షి ఒంటి మీద గడ్డ లేదు, జ్వరం లేదు. నిన్న సరస్సు ఒడ్డున మోకాలిలోతు బురదలో దిగి, పిలిచినా రాలేదు. మొన్నటి పరీక్షలో ఆమె నెత్తురులోని రాతంతా పెంచలయ్యదేనని దుర్గ కంప్యూటర్ తేల్చింది. ఆ కబురు విన్న పెంచలయ్యను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"ఒకటే నెత్తురని నేను మొదట్నే చెప్పినాను గదా."

ఈసారి దుర్గ ఆయన మాటను దిద్దలేదు.