చలి అనుకుని పోసిన చాయ్

మా బాపు లెక్కలో చాయ్‌తో తగ్గని జబ్బు లేదు. గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగినన్నాళ్లూ, డ్యూటీ ముగిసి తడిబట్టలతో పైకి వచ్చాక గట్టి చాయ్ పడితేనే ప్రాణం లేచొచ్చేదట. రిటైరయ్యాక కూడా ఇంట్లో ఎవరు తుమ్మినా ముందు చాయ్ గిన్నె పొయ్యి ఎక్కాల్సిందే.

అమ్మ పోయాక ఆయన మనసు విప్పి మాట్లాడేది మా చిన్న కుక్కతోనే. నాతో మొదలుపెడితే పోట్లాటలో తేలుతుంది మరి.

వానాకాలంలో ఒకరోజు పొద్దున ఆ కుక్క నిలువునా తడిసి, వణుకుతూ ఇంటికొచ్చింది. బాపు గిన్నెడు నీళ్లలో దండిగా చాయ్‌పత్తి, చక్కెర వేసి, నల్లగా మరిగించి, చల్లార్చి, సగం దాని ముందు పెట్టాడు. తీపి తగిలేసరికి అది చుక్క మిగల్చకుండా నాకేసింది.

కాసేపటికి వణుకు తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. పడుకోదు, నిలబడదు, ఇల్లంతా ఒకటే తిరుగుడు.

"చలి ఇంక దిగలే. ఇంకింత పొయ్యాలె" అన్నాడు బాపు.

"కుక్కకు చాయేంది బాపూ?"

"నన్ను ఇన్నేండ్లు నిలవెట్టింది, దాన్ని నిలవెట్టదా?"

నేను గిన్నె లాక్కునేలోపే మిగిలిన చాయ్ కూడా దాని కడుపులోకి పోయింది. తర్వాత వాంతులు. కాళ్లు బిగుసుకుపోయాయి. పక్కటెముకల మీద చేయి పెడితే గుండె కొట్టుకునే తీరుకు నాకు భయమేసింది. దుప్పట్లో చుట్టి, ఆటోలో పశువుల దవాఖానకు ఉరికాం.

డాక్టరు అంతా విన్నాడు. "ఇది చలి వణుకు కాదు పెద్దాయనా. చాయ్‌ల ఉండే కెఫీన్‌కు వణుకుతున్నది. మనం తట్టుకుంటం, కుక్కలు తట్టుకోవు. గింత చిన్నదానికైతే పానం మీదికొస్తది" అన్నాడు.

"వణుకుతుందనే మళ్ల పోసిన" అన్నాడు బాపు. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది నాకు. ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ బాపు కుక్క కాలు పట్టుకుని కిందనే కూర్చున్నాడు.

అది బతికింది. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున నేను బాపుకు చాయ్ ఇచ్చాను. వాసన తగలగానే అది మెల్లగా లేచి, తన గిన్నెను మూతితో నెట్టుకుంటూ వచ్చి, ఆయన కాళ్ల దగ్గర పెట్టి తోక ఊపింది. బాపు తాగకుండానే గ్లాసు నా చేతికిచ్చాడు.

"వద్దు బిడ్డా, తీస్కపో."