బావగారి పొడుగు టోపీ

లోకమంతా ఈ ఏడాదిలో బతుకుతుంటే, చెవి మిషన్ల కొట్టు యజమానిగారి బావ మాత్రం నూటయాభై ఏళ్లు వెనక్కి వెళ్లి బట్టలు కుట్టించుకుంటాడు. వెనక రెండుగా చీలి వేలాడే నల్లకోటు, గడ్డం దించనివ్వని గంజి కాలరు, వెండిపిడి చేతికర్ర, పొగగొట్టంలాంటి టోపీ. నాటకానికి కాదు సుమా. కూరగాయలకి వెళ్లినా ఇదే, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచినా ఇదే. ఒకసారి ఇంట్లో పైపు పగిలితే మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కోటు తోకలు రెండూ చంకలో ఇరికించుకుని, వచ్చిన ప్లంబరుకి టోపీ ఎత్తి మరీ స్వాగతం చెప్పాడు.

కొట్టు బావమరిదిది. మిషన్లు చెవులకి అమర్చే పని బావది. పన్నెండేళ్లుగా బావమరిది బతిమాలుతూనే ఉన్నాడు.

"బావా, మామూలు చొక్కా వేసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఇవీ మామూలు బట్టలేరా. కాస్త ఆలస్యంగా వేసుకున్నాను, అంతే."

ఆ సోమవారం మాత్రం పరిస్థితి వేరు. పెద్దాసుపత్రి చెవి డాక్టరుగారు పది గంటలకి స్వయంగా కొట్టు చూడటానికి వస్తానన్నారు. వచ్చే పదిమందిలో ఎనిమిదిమంది ఆయన చీటీతో వచ్చేవాళ్లే. మెయిన్ రోడ్డులో ఇలాంటిదే మరో కొట్టు కొత్తగా తెరిచారు. ఆయన చీటీలు అటు తిరిగాయంటే ఇక్కడ షట్టరు దించేసుకోవడమే.

తొమ్మిదింటికి బావమరిది కొట్టులోంచి అక్కకి ఫోను చేశాడు.

"అక్కా, బావ ఏం వేసుకుని బయల్దేరాడు?"

"ముందు నువ్వు కూర్చో."

"చెప్పక్కా!"

"మన గుమ్మంలోంచి వంగి వెళ్లాడ్రా" అని ఆవిడ పెట్టేసింది.

బావ కొట్టు గుమ్మంలోంచి కూడా వంగే వచ్చాడు. బావమరిది నోరు తెరిచేలోపే, తొమ్మిదిన్నరకి రావలసిన బట్టల దుకాణం అమ్మాయి వచ్చేసింది. ఆమెకి మిషను అమర్చి, బావ చేతికర్ర అందుకుని ఆమెతోపాటే గుమ్మం దాటాడు.

"ఎక్కడికి బావా? పది నిమిషాల్లో డాక్టరుగారు!"

"బస్టాపు దాకా. ఇట్టే వచ్చేస్తా."

డాక్టరుగారు ఐదు నిమిషాలు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బావమరిది ఆయనకి ఎడమపక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కాఫీ తెప్పించమంటారా అండీ?"

జవాబు లేదు.

"ఫ్యాను పెంచనా?"

ఆయన వీధివైపే చూస్తున్నారు. బావమరిది తనే వెళ్లి ఫ్యాను పెంచాడు. ఇంత కోపం ఎందుకొచ్చినట్టు? బావ వేషం గురించి ఎవరో చెప్పేశారు. అయిపోయింది.

సరిగ్గా అప్పుడే కొట్టు అద్దంలోంచి బావ కనిపించాడు. అమ్మాయిని బస్సెక్కిస్తూ టోపీ ఊపుతున్నాడు. బస్సు డ్రైవరు సగం బయటికి వంగాడు. స్కూటరాయన ఒకడు చూస్తూ చూస్తూ గోడదాకా వెళ్లి ఆగాడు. జుట్టు పైకి ముడేసుకున్న ఆ అమ్మాయి చెవి వెనక మిషను ఎండకి తళుక్కుమంటోంది. దాన్ని చూసిన నాథుడు లేడు.

బావమరిది గోడ మీద కేలండరు లాగి అద్దానికి అడ్డం పెట్టాడు. డాక్టరుగారు వేలితో జరగమన్నారు.

"ఎవరాయన?"

"తెలీదండీ. ఎవరో పాపం."

గుమ్మంలో ఆ 'పాపం' వంగి లోపలికొచ్చింది. "ఏరా బావమరిదీ, కేలండరు పట్టుకుని నిలబడ్డావేం?"

డాక్టరుగారు లేచారు. "ఏమిటండీ ఈ వేషం? ఆ అమ్మాయితో వీధిలో ఏమిటి?"

బావ ఆయనకి కుడివైపుగా వచ్చి, ఎదురుగా నిలబడి, నింపాదిగా చెప్పాడు. "మిషను పెట్టుకున్న మొదటిరోజు వీధంతా తమ చెవినే చూస్తున్నట్టుంటుందండీ వాళ్లకి. అందుకని అందరితోనూ బస్టాపు దాకా వెళ్తాను. నేను పక్కనుంటే ఇంకొకరి చెవి ఎవడిక్కావాలి? సిగ్గు కొంచెమైతే పొట్టి టోపీ. ఈ అమ్మాయి మొన్న నమూనా పెట్టి చూపిస్తే అద్దంలో చూసుకుని ఏడ్చింది, అందుకని పొడుగుది."

బావమరిది కేలండరు వదిలేశాడు. "మరి కూరగాయలకి కూడా ఎందుకు బావా?"

"రోజూ వేసుకోకపోతే, తమ కోసమే వేశానని వాళ్లకి తెలిసిపోదూ? పైగా నాకు నప్పుతాయి."

డాక్టరుగారు మళ్లీ వీధివైపు తిరిగారు. బావమరిది ఉండబట్టలేకపోయాడు. "తమకి కోపం వచ్చిందాండీ?"

"ఆ పక్కన నిలబడి అడక్కురా. ఆయనకి అటు వినబడదు" అన్నాడు బావ.

పన్నెండేళ్లుగా చెవుల వ్యాపారం చేస్తున్న బావమరిది నోరు వెళ్లబెట్టాడు. డాక్టరుగారి ముఖం ఎర్రబడింది. నెమ్మదిగా కూర్చున్నారు.

"నాలుగేళ్లయింది. చెవి డాక్టరుకే చెవుడంటే ఏం బాగుంటుంది? కొట్టు చూసే వంకతో వచ్చాను. కారు రెండు వీధుల అవతల పెట్టాను."

బావ అరగంటలో మిషను అమర్చాడు. "సిగ్గు ఏమాత్రం ఉంటుందండీ?"

డాక్టరుగారు అటూ ఇటూ చూశారు. "చాలా."

బావ తన టోపీ తీసి, ఎత్తు చూసి, పెదవి విరిచాడు. "దీనితో అవదు. ఒరేయ్, లోపల బీరువాలో ఈకల టోపీ ఉంది, పెట్టుకురా. ఇద్దరం చెరోపక్కా నడుద్దాం."

బావమరిది ఏదో అనబోయి, అనకుండా లోపలికి వెళ్లాడు. ముగ్గురూ వీధిలోకి దిగేసరికి స్కూటరాయన మళ్లీ గోడదాకా వెళ్లాడు.

"ఈక సరిచేసుకోరా" అన్నాడు బావ గంభీరంగా. "జనం చూస్తే నవ్వుతారు."